బీచికి తీసుకెళ్లిన అన్నం కుక్కర్

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. మా ఆవిడ కరీబియన్ సముద్రంలో నడుం లోతు నీళ్లలో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెల్లకిలా తేలుతున్న నిమిషంలో, నేను ఒడ్డున కొబ్బరాకుల గొడుగు కింద కూర్చుని, అరగంట క్రితం పరిచయమైన ఇద్దరు పెద్దవాళ్లని సాయంత్రం భోజనానికి పిలిచాను. వంట ఎవరు చేస్తారని నన్ను నేను అడగలేదు. ఇరవై రెండేళ్లుగా అడగాల్సిన అవసరం రాలేదు.

మేముండేది టొరంటోకి దగ్గర్లోని వాటర్లూలో. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆవిడది ఫార్మసీలో. మా అమ్మాయి లండన్‌లో యూనివర్సిటీ రెండో ఏడు. లండనంటే ఇంగ్లండులోది కాదు, మా ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న మా లండన్. వాటర్లూ తెలుగువాళ్లలో నాకు మంచి పేరుంది. ఇండియా నుంచి కొత్తగా ఎవరు దిగినా, గ్రోసరీ స్టోర్లో బెండకాయలు ఏరుతూ ఎవరైనా తెలుగులో మాట్లాడుకున్నా, నా నోటి నుంచి వచ్చే రెండో వాక్యం, "శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చేయండి." పిలిచేది నేను. వండేది ఆవిడ. పేరు నాది.

సెలవుల్లోనూ అంతే. ఎక్కడికి బయల్దేరినా కారు డిక్కీలో ముందు ఎక్కేది రైస్ కుక్కర్. నయాగరా మోటెల్లో బాత్రూం సింకు దగ్గర ఆవిడ బియ్యం కడుగుతున్న ఫొటో మా ఆల్బంలో ఉంది. నవ్వుతూ తీశాను, నవ్వుతూ చూసుకున్నాం. బాన్ఫ్ వెళ్లినప్పుడు తెల్లవారుజామున కొండల మధ్య చెరువు మీద సూర్యోదయం చూడాలని అందరం బయల్దేరాం. అందరం అంటే ఆవిడ తప్ప. మధ్యాహ్నం దారిలో తినడానికి ఆవిడ గదిలో ఉండిపోయి పులిహోర కలిపింది. తిరిగొచ్చాక, "ఎలా ఉందండీ?" అని అడిగింది. "ఫొటోలు తీశాలే, చూద్దువుగాని," అన్నాను. ఆ మాటలో తప్పేమీ అప్పుడు నాకు కనిపించలేదు.

కిందటి నవంబర్లో ఒక శనివారం, నేను పిలిచిన పదకొండు మంది కోసం ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని, ఈసారి పెళ్లిరోజుకి ఏం కావాలని అడిగాను. నగ అంటుందనుకున్నాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి, మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఒక వారం నాకు స్టవ్ కనపడకూడదు. అన్నం గిన్నె కనపడకూడదు. ఈ పూట ఏం వండాలి అన్న మాట నా బుర్రలోకి రాకూడదు. అలాంటి చోటేదైనా ఉంటే తీసుకెళ్లండి."

"ఉంది. తీసుకెళ్తా," అన్నాను. "మాట ఇస్తున్నా."

ఫిబ్రవరిలో అమ్మాయికి రీడింగ్ వీక్ సెలవులు. ఆ వారానికి ఒక కరీబియన్ ద్వీపంలో, మూడు పూటలా భోజనం వాళ్లే పెట్టే రిసార్ట్ బుక్ చేశాను. అంతవరకూ మాట నిలబెట్టుకున్నట్టే. బయల్దేరే రోజు ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు మూడు కప్పుల కుక్కర్ని బీచి తువ్వాలులో చుట్టి నా సూట్‌కేసులో అడుక్కి తోశాను. పక్కనే ఒక సంచీ సోనామసూరి, చారు పొడి, ఆవకాయ సీసా. అత్యవసరానికి, అని నాకు నేను చెప్పుకున్నాను. మూడు పూటలా తిండి పెట్టే చోట అన్నానికి వచ్చే అత్యవసరం ఏమిటో ఆలోచించలేదు.

టొరంటో ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో మంచు కురుస్తోంది. మందపాటి కోట్లు అక్కడ పనికిరావని కారులోనే వదిలేసి, స్వెట్టర్లతో వణుకుతూ టెర్మినల్ దాకా పరుగెత్తాం. ఐదు గంటల తర్వాత విమానం తలుపు తెరుచుకుంటే, మూత తీసిన ఇడ్లీ పాత్ర ముందు నిలబడ్డట్టు వెచ్చటి గాలి మొహానికి తగిలింది. మా ఆవిడ మెట్ల మీదే ఆగిపోయి కళ్లు మూసుకుంది. వెనక క్యూ ఆగిపోయిందని నేనే కదిలించాల్సి వచ్చింది.

మొదటి మూడు రోజులు నేను ఆవిడని చూస్తూ కూర్చున్నా టికెట్ డబ్బులు గిట్టేవి. పొద్దున్నే పడక కుర్చీలో వాలిపోయేది. చెంప మీద కుర్చీ అల్లిక అచ్చు పడేదాకా నిద్ర. లేచి వెళ్తే ఎవరో వండిన తిండి, ఎవరో తోమిన పళ్లెం. దోరగా వేయించిన తియ్యటి అరటిపండు ముక్కలు పళ్లెంలో నాలుగు పెట్టుకుని, తిని, మళ్లీ వెళ్లి ఇంకో నాలుగు తెచ్చుకునేది. వెంట తెచ్చుకున్న నవల మూడు రోజులూ పదకొండో పేజీ దగ్గరే ఉంది. రెండో రోజు, "టైమెంతైందండీ?" అని అడిగి, నేను ఫోన్ తీసేలోపే, "వద్దులెండి, చెప్పకండి," అంది. ఆవిడ రెండు కనుబొమల మధ్య ఒక గీత ఉంటుంది. అది పుట్టుకతో వచ్చిందనుకునేవాణ్ణి. మూడో రోజుకి అది పోయింది.

మూడో రోజు సాయంత్రమే తేలడం నేర్చుకుంటానని మొదలుపెట్టింది. ఆవిడ పుట్టింది కాకినాడ దగ్గర, సముద్రం చప్పుడు వినపడేంత దగ్గర. కానీ ఆడపిల్లలు చీలమండ దాటి నీళ్లలోకి దిగకూడదని వాళ్లింట్లో చట్టం. నాది అనంతపురం జిల్లా. నీళ్లని ట్యాంకర్లో తప్ప ఒకేచోట అన్ని చూడకుండా పెరిగినవాణ్ణి. మోకాళ్ల దాకా దిగితే చాలు, కాళ్ల కింద ఇసుక జారుతుంటే గుండె జారేది. కాబట్టి గురువు మా అమ్మాయే. తల్లి వీపు కింద రెండు చేతులూ పెట్టి, "అమ్మా, జస్ట్ లెట్ గో. మెడ బిగించకు. ఐ హావ్ యు," అంటూ ఉండేది. మా ఆవిడ, "వదలకే, వదలకే, చంపేస్తా," అని అరుస్తూ నీళ్లు మింగేది.

నాలుగో రోజు, మంగళవారం, పక్క గొడుగు కింద నుంచి ఒక మాట వినిపించింది. "టోపీ పెట్టుకోవే, మాడిపోతావు."

ఆ దేశంలో ఆ మాట! నేను పుస్తకం మూసేసి కుర్చీతో సహా జరిగాను. హాలిఫాక్స్ నుంచి వచ్చారట. ఆయన రిటైరైన పిల్లల డాక్టరు, ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. సొంతూరు గుంటూరు వైపు. పావుగంటలో ఆయన అంకుల్, ఆవిడ ఆంటీ అయిపోయారు. అంకుల్ ముక్కు మీద సన్‌స్క్రీన్ తెల్లగా, సున్నం పిడత బోర్లించినట్టు ఉంది.

"అన్నీ బావున్నాయి గానీ, తెల్లన్నం మొహం చూసి నాలుగు రోజులైందోయ్," అన్నారు. "అన్నం లేదని కాదు. ఉంది. రాజ్మా లాంటి ఎర్ర గింజలు కలపకుండా ఒక్క మెతుకు వదలరు వీళ్లు."

"తెల్లన్నం కావాలంటే అడగమన్నానుగా," అంది ఆంటీ.

"అడిగా. పెడతామన్నారు. దాంట్లోకి చారేదీ?"

చారు అన్న మాటతో నాకు పూనకం వచ్చింది. "అంకుల్, సాయంత్రం ఆరింటికి మా రూంకి వచ్చేయండి. వేడన్నం, చారు, ఆవకాయ. కుక్కర్ తెచ్చా."

అంకుల్ నల్ల కళ్లద్దాలు తీసి మరీ నన్ను చూశారు. "నిజంగానా?"

"ఆగు బాబూ," అంది ఆంటీ. "మీ ఆవిడ సెలవుకొచ్చిందా, వంటకొచ్చిందా? ముందు తనని అడుగు."

"అడగక్కర్లేదు ఆంటీ. మా ఆవిడకి వంటంటే ప్రాణం."

సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి కేక. "ఏవండీ! ఇటు చూడండి! చూడండి!"

నేను తల తిప్పకుండానే చెయ్యెత్తి ఊపాను. టమాటా చారా, మిరియాల చారా అని అంకుల్ అడుగుతున్నారు మరి.

కాసేపటికి ఆవిడ ఒడ్డుకి వచ్చింది. పరీక్ష పాసైన పిల్లలా మొహం వెలిగిపోతోంది. "చూశారా?"

"చూశాను," అన్నాను.

"ఎంతసేపున్నాను?"

"చాలాసేపు."

వెనకనుంచి మా అమ్మాయి, జుట్టు పిండుకుంటూ, "ట్వెల్వ్ సెకండ్స్. అండ్ నాన్నా, యు వర్ ఫేసింగ్ ది అదర్ వే," అంది.

నేను సర్దుకునేలోపు అంకుల్ పాపం సంతోషంగా లేచి నిలబడ్డారు. "అమ్మా, సాయంత్రం నీ చేతి చారు కోసం వస్తున్నాం. వంటంటే నీకు ప్రాణమటగా!"

మా ఆవిడ నావైపు చూసింది. తర్వాత వాళ్లవైపు తిరిగి, ఇరవై రెండేళ్లుగా మా గుమ్మంలో నిలబడి నవ్వే నవ్వు నవ్వింది. "తప్పకుండా రండి అంకుల్."

నీడ జరిగిందని వాళ్లు ఇంకో గొడుగు కిందకి వెళ్లాక తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని నా పక్కన కూర్చుంది.

"కుక్కర్ తెచ్చారా?"

"చిన్నది."

"చెప్పకుండా తెచ్చారు. అడక్కుండా పిలిచారు. చూడకుండా చూశానన్నారు. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు."

కోపంగా అని ఉంటే నేను వాదించి ఉండేవాణ్ణి, నాకు ఆ కళ వచ్చు. ఆవిడ మామూలుగా అంది. అని, సముద్రం వైపు చూస్తూ, "కందిపప్పు ఉందా?" అని అడిగింది.

"లేదు. చారు పొడి ఉంది."

"చింతపండు?"

"తేలేదు."

"నిమ్మకాయ పిండాలి అయితే. టమాటాలు బఫేలో అడగొచ్చు. మూడింటికి రూంకి వెళ్తే…"

అక్కడ ఆగిపోయింది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను. కనుబొమల మధ్య గీత తిరిగొచ్చింది. ఈ పూట ఏం వండాలి అన్న మాట ఆవిడ బుర్రలోకి నా కళ్లముందే నడుచుకుంటూ వెళ్లింది. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాణ్ణి నేను. బాన్ఫ్‌లో పులిహోర కలుపుతున్నప్పుడు కూడా ఈ గీత ఇలాగే ఉండి ఉంటుంది. నేనప్పుడు చెరువు ఫొటోలు తీస్తున్నాను.

"ఏడు రోజుల్లో మూడున్నర దొరికాయిగా," అంది ఆవిడే, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఇదివరకు అవీ లేవు."

నేను లేచాను. "నువ్వు ఇక్కణ్ణుంచి కదలకు. నేను వాళ్లకి చెప్పొస్తా."

"వద్దు! పెద్దవాళ్లని పిలిచి, మళ్లీ వద్దంటే ఏం బావుంటుంది?"

"వద్దనను. నిజం చెప్తాను."

ఇసుకలో నలభై అడుగులు నడిచి ఉంటాను. వాళ్ల ముందు నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను: మా ఆవిడకి వంటంటే ప్రాణం అన్నది అబద్ధమని, ఒక్క వారం వంట వద్దని అడిగితే మాటిచ్చి తీసుకొచ్చానని, కుక్కర్ సంగతి ఆవిడకి తెలియదని. "మీరు సాయంత్రం తప్పకుండా రావాలి. కానీ వండేది నేను. నేను ఇంతవరకూ చారు పెట్టలేదు. అది కూడా ముందే తెలియాలి మీకు."

ఆంటీ చూసింది నన్ను కాదు, అంకుల్‌ని. చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"విన్నారా? మీ తమ్ముడు దొరికాడు! బాబూ, ఈయన హాస్పిటల్లో కొత్తగా చేరిన ప్రతి కుర్ర డాక్టర్నీ ఇంటికి పిలిచేవాడు. ఆరుగురొస్తారని ఫోన్ చేసేవాడు, పదిమంది దిగేవాళ్లు. 'మా ఆవిడకి వంటంటే ప్రాణం'… ఈ మాట నేను ముప్పై ఏళ్లు విన్నాను."

అంకుల్ సముద్రం వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"అటు చూస్తారేంటి? లేవండి. మీరూ వెళ్లండి అతనితో," అంది ఆంటీ. "ఇద్దరూ వండి తీసుకురండి. మేం ఇక్కడే కూర్చుంటాం. ఏది తెస్తే అది తింటాం. వంకలు మాత్రం పెడతాం."

అలా నాలుగింటికి ఇద్దరం పనిలోకి దిగాం. గదిలో వంట కూడదేమోనని రిసెప్షన్లో అడిగితే, బాల్కనీలో అయితే సరే, నూనె మాత్రం కాచకండి అన్నారు. అంటే తాలింపు లేదు. తాలింపు లేని చారు మా మొదటి దెబ్బ. రెండో దెబ్బ, కుక్కర్ ఒక్కటే. ముందు అన్నం వండి, దాన్ని ఎక్కడికైనా మార్చి, అదే కుక్కర్లో చారు పెట్టాలి. గదంతా వెతికితే అంత పెద్ద గిన్నె దొరికింది ఒకటే, ఐస్ వేసుకునే బకెట్. అంకుల్ దాన్ని వేడినీళ్లతో మూడుసార్లు, ఆపరేషన్ సామాను కడిగినట్టు కడిగారు.

"నీళ్లు ఎన్ని పొయ్యాలి అంకుల్?"

"నన్నడుగుతావేంటోయ్? వేలు పెట్టి చూస్తారు ఆడవాళ్లు."

"ఏ వేలు?"

ఇద్దరం మా వేళ్లు చూసుకున్నాం. చివరికి కుక్కర్ లోపల గీతలున్నాయని తెలిసింది. ఇరవై రెండేళ్లు ఆ కుక్కర్ మోశాను, ఆ గీతలు నేను చూడలేదు. అయినా అనుమానం తీరక ఇంకొంచెం పోశాం. అన్నం కాస్తా ముద్దయి కూర్చుంది.

చారు దగ్గర అంకుల్ డాక్టరైపోయారు. బఫేలో అడిగి తెచ్చిన టమాటాలు చేత్తో చిదిపి, పొడి వేసి, నిమ్మకాయ పిండాక, ఉప్పు దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "ముందు తక్కువ డోసు. రెస్పాన్స్ చూసి పెంచుదాం." ఐదుసార్లు పెంచాం. ప్రతిసారీ ఇద్దరం రుచి చూశాం, మూడోసారికి నాలుకలు మొద్దుబారాయి. కారం తగ్గిందనిపించి అక్కడి పచ్చటి మిరపకాయ సాస్ ఒక చెంచా వేశాను. అది చెంచాలతో వేసేది కాదని తర్వాత తెలిసింది.

చెమటలు కక్కుతూ బాల్కనీలోంచి కిందికి చూస్తే, మూడు తలలు గొడుగు కింద కనిపిస్తున్నాయి. ఆంటీ ఏదో చెప్తోంది. మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మా గురించేనని చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

"అప్పుడు ఇంత కష్టమని తెలీదోయ్," అన్నారు అంకుల్, నుదురు తుడుచుకుంటూ. నాకూ తెలీదు.

సూర్యుడు నీళ్లని తాకడానికి ఇంకా జానెడుండగా బీచికి దిగాం. ఆయన చేతిలో ఐస్ బకెట్ అన్నం, నా చేతుల్లో తువ్వాలు చుట్టిన కుక్కర్. దారిలో ఇద్దరు తెల్లవాళ్లు బకెట్ చూసి బీరనుకుని మాకు జై కొట్టారు. కాగితం గిన్నెల్లో వడ్డించాం. మా ఆవిడ కుర్చీలోంచి లేవబోతే ఆంటీ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ముందు మా అమ్మాయి తాగింది. కళ్లలో నీళ్లు. "ఓ మై గాడ్. నాన్నా, ఇది చారా, పెప్పర్ స్ప్రేనా?"

అంకుల్ కళ్లు మూసుకుని రెండు గిన్నెలు తాగారు. ఆంటీ, "ఉప్పు మాత్రం కుదిరింది," అంది.

నేను మా ఆవిడనే చూస్తున్నాను. ఒక గుక్క తాగింది. ముద్దన్నంలో పోసుకుని కలిపి, ఆవకాయ నంజుకుని తింది. గిన్నె నా వైపు చాపింది.

"బావుందా?" అన్నాను ఆశగా.

"చారైతే కాదు," అంది. "ఇంకొంచెం పొయ్యండి."

గిన్నెలు తోమడం కూడా మాదే. ఆవకాయ నూనె అంటిన కుక్కర్ని బాత్‌టబ్‌లో పెట్టి, గట్టు మీద కూర్చుని, నేను తోమితే అంకుల్ కడిగారు. ఆ కుక్కర్ని ఆయనకి ఇచ్చేద్దామని చూశాను. గుమ్మం దగ్గర నుంచి ఆంటీ, "మా ఇంటి ఛాయలకి రానివ్వకు దాన్ని," అంది. సూట్‌కేసులో పెట్టి తాళం వేసి, తాళం చెవి మా అమ్మాయికి ఇచ్చాను. "ఎయిర్‌పోర్ట్ దాకా నన్ను నమ్మకు," అన్నాను. "డోంట్ వర్రీ, నమ్మను," అంది.

మర్నాడు పొద్దున ఫోన్ గదిలోనే వదిలేసి బీచికి వెళ్లాను. తల్లీకూతుళ్లు అప్పటికే నీళ్లలో ఉన్నారు. నేను చీలమండలు దాటాను, మోకాళ్లు దాటాను. ఇసుక జారింది. గుండె కూడా జారింది, దాన్ని పట్టించుకోకుండా నడుం దాకా వెళ్లి, కాళ్లు ఎడంగా పెట్టి, గుంజలా పాతుకున్నాను.

"మీరెందుకొచ్చారు?" అంది మా ఆవిడ భయంగా. "పడిపోతారు."

"పడితే అమ్మాయి ఉంది. నువ్వు తేలు."

"ఫోనేదీ? ఫొటో తియ్యరా?"

"తేలేదు. ఊరికే చూడ్డానికొచ్చా."

ఒకసారి నన్ను అనుమానంగా చూసి, వెనక్కి వాలింది. అమ్మాయి చేతులు తీసేసింది. చెవులు నీళ్లలో మునిగి, మొహం ఆకాశం వైపు, చేతులు రెండు పక్కలా. ఒక అల వచ్చి ఆవిడని ఎత్తి మెల్లగా దించింది. నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దగ్గర మానేసి, ఉత్తినే చూస్తూ నిలబడ్డాను. నా వెనక ఒడ్డు మీద అంకుల్ ఎవరితోనో తెలుగులో మాట్లాడుతున్నారు, కొత్త గొంతులు, బహుశా ఇంకో కుటుంబం. "ఏ ఊరండీ మీది?" అని వినిపించింది. నేను తల తిప్పలేదు.